జపమాలతో బ్లాక్‌జాక్

మొన్న ఆదివారం మధ్యాహ్నం, సరిగ్గా మూడు గంటల పది నిమిషాలకి, మా హారిస్‌డేల్ ఇంటి పెరట్లో మా అత్తగారి ఫోటో ఆల్బం నేను పేకాటలో పోగొట్టుకున్నాను. అవునండీ, నేనే! ఏకాదశి నాడు కాఫీ కూడా ముట్టని నేనే!

ఆ ఆల్బం అంటే నాకు ప్రాణం. నల్లట్ట పేజీలు, అరవై మంది బంధువులు. వాళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఇవాళ చెప్పగలిగేది నేనొక్కదాన్నే. కానింగ్ వేల్‌లో ఉండే మా తోటికోడలు సుజాత, "అక్కా, ఇన్నేళ్లూ మీ దగ్గరే ఉంది. ఇక మా దగ్గర ఉండనివ్వండి" అని రెండేళ్లుగా అడుగుతోంది. నేను "చూద్దాంలే అమ్మా" అని రెండేళ్లుగా మెల్లగా అంటున్నాను. నా నోట 'చూద్దాం' అంటే 'ఇవ్వను' అని ఇంటిల్లిపాదికీ తెలుసు.

చివరికి సుజాత భర్త, మా మరిది రవి విసిగిపోయాడు. "వదినా, సండే ఆర్వో మీ ఇంట్లో బార్బీ పెట్టుకుందాం. బ్లాక్‌జాక్‌లో తేల్చేద్దాం. ముక్కలు నేను పంచుతాను. ఇరవై ఒకటి దాటకుండా నాకంటే ఎక్కువ తెచ్చుకుంటే గెలుపు. మీ ఇద్దరికీ చెరో ముప్పై బాదం పప్పులు. గంట ఆడాక ఎవరి దగ్గర ఎక్కువుంటే ఆల్బం వాళ్లది." ఆర్వో అంటే ఇక్కడివాళ్లకి మధ్యాహ్నం, బార్బీ అంటే పెరట్లో నిప్పుల మీద వంట.

వద్దనే అనబోయాను. ఈలోగా సుజాత నవ్వి, "అక్కకి పేకాట ఎక్కడొచ్చు పాపం!" అంది.

ఆ 'పాపం' దగ్గర కాలింది నాకు. "సరే" అన్నాను.

మా అమ్మాయి శ్రావ్య యునిలో మ్యాథ్స్ చదువుతోంది. దాన్ని వంటింట్లోకి పిలిచి తలుపేశాను.

"మామ్, యూ వాంట్ టు కౌంట్ కార్డ్స్? యూ?"

"అరవకే! మోసమేమో కనుక్కుందామని..."

"మోసం కాదు, లెక్క. పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలితే నీకు లాభం. అప్పుడు పందెం పెంచాలి. దట్స్ ఆల్."

మూడు పద్ధతులు చెప్పింది. మొదటిదాంట్లో ఒక్కో ముక్కకి ఒక్కో విలువ, కొన్నిటికి ఒకటిన్నర, కొన్నిటికి అర. "ఇదేమైనా సాంబారు పొడా?" అన్నాను. రెండోదాంట్లో ఆసులూ అయిదులూ మాత్రమే చూడాలి. మరీ తేలిక, నమ్మకం కుదరలేదు. మూడోది నచ్చింది. రెండు నుంచి ఆరు దాకా వస్తే ప్లస్ ఒకటి. పది, బొమ్మలు, ఆసు వస్తే మైనస్ ఒకటి. ఏడు, ఎనిమిది, తొమ్మిదిని అసలు పట్టించుకోనక్కర్లేదు.

చిక్కల్లా ఆ లెక్క గుర్తుంచుకోవడం! సుజాత ఆటంతా మాట్లాడుతూనే ఉంటుంది. "అక్కా, పన్నీరు మాడుతోందా?" అంటే చాలు, నా ప్లస్సులన్నీ పన్నీరైపోతాయి. అప్పుడు తట్టింది. జపమాల! ముప్పై ఏళ్లుగా ఏ గోలలోనూ నా వేళ్లు లెక్క తప్పలేదు. మాల మొదట్లో ఉండే పెద్ద మేరుపూస సున్నా. ప్లస్‌కి పూస ముందుకి, మైనస్‌కి పూస వెనక్కి. 'స్వామీ, ఇది జూదం కాదు, వంశచరిత్ర పరిరక్షణ' అని ఆంజనేయస్వామికి విన్నవించుకుని, ఆదివారం ఆటకి కూర్చుంటూ మాలని సంచీలో పెట్టి ఒళ్లో దాచుకున్నాను.

"వదిన ఆడుతూ కూడా జపం మానదు!" అని రవి మురిసిపోయాడు. మా వారికి మాత్రం ఏదో అనుమానం వచ్చినట్టుంది. మొక్కజొన్న కంకులు తిప్పుతూ నా వైపే చూస్తున్నారు.

మొదట బాగానే సాగింది. నా ముప్పై బాదం పప్పులు నలభై నాలుగయ్యాయి. సుజాత దగ్గర నలభై ఒకటి ఉండాలి గానీ మాటల్లో పడి అయిదు తినేసింది.

ఆఖరి పేక. సగం దాటింది. సంచీలో తడిమి చూశాను. మేరుపూసకి తొమ్మిది పూసల దూరంలో ఉంది వేలు. తొమ్మిది! అంటే మిగిలినవన్నీ రాజులూ రాణులే!

"అన్నీ" అన్నాను.

"వదినా?"

"నలభై నాలుగూ పెట్టేస్తున్నాను బాబూ."

శ్రావ్య కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపుతోంది. ఆనందం కాబోలనుకున్నాను. నాకు నాలుగు, మూడు వచ్చాయి. ఇంకోటి అడిగితే అయిదు. పన్నెండు. చాలన్నాను. రవి ముందు ఆరు కనిపిస్తోంది. ఇక రెండు బొమ్మలు పడితే వాడు ఇరవై ఒకటి దాటి మునగడం ఖాయం!

వాడు తిప్పాడు. మూడు. తరవాత రెండు. తరవాత నాలుగు. తరవాత అయిదు. మొత్తం ఇరవై. ఒక్క బొమ్మ లేదు!

"మామ్! ఇట్ వాజ్ మైనస్ నైన్!" అని అరిచింది శ్రావ్య.

అప్పుడర్థమైంది. జపంలో మేరుపూసని దాటకూడదు. దాని దాకా వచ్చి మాల తిప్పేయాలి. లెక్క సున్నా కిందికి దిగాల్సిన ప్రతిసారీ నా చెయ్యి నన్నడక్కుండా మాల తిప్పేసింది! మైనస్సులన్నీ ప్లస్సులై కూర్చున్నాయి. భగవన్నామానికి మైనస్ ఎక్కడుంటుంది చెప్పండి!

రవి కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. మా వారు "ముప్పై ఏళ్ల సాధన!" అన్నారు. నేను లేచి లోపలికెళ్లి ఆల్బాన్ని పట్టుచీరలో చుట్టాను. అత్తగారి ఫోటో వైపు చూడలేదు.

మర్నాడు లాంగ్ వీకెండ్ సెలవు. పొద్దున తొమ్మిదింటికల్లా ముగ్గురం కానింగ్ వేల్ వెళ్లి ఆల్బం సుజాత చేతిలో పెట్టాం. ఆవిడ టీ ఇచ్చి, సంబరంగా మొదటి పేజీ తెరిచి, "ఈ తలపాగా ఆయన ఎవరక్కా?" అంది.

చెప్పాను. మామగారి మేనత్త కొడుకని. ఆయన పెళ్లి రెండుసార్లు ఎందుకు ఆగిందో, మూడోసారి వంటవాడు ఎందుకు అలిగాడో, ఆ వంటవాడి తమ్ముడు తరవాత మనకెలా చుట్టమయ్యాడో. పదిన్నరకి రెండో ఫోటోకి వచ్చాను. సుజాత టీ మీద మీగడ కట్టింది. రవి లాన్ కోయడానికి వెళ్లాడు. శనివారమే కోసిన లాన్! పదకొండింటికి వాడే వచ్చి, ఆల్బం మళ్లీ పట్టుచీరలో చుట్టి, తీసుకెళ్లి మా కారు డిక్కీలో పెట్టేశాడు.

"వదినా, ఇది మీ దగ్గరుంటేనే అందం."

"పందెం పందెమే కదా బాబూ" అన్నాను.

"అక్కా, ప్లీజ్!" అంది సుజాత, రెండు చేతులూ జోడించి.

నేనింకా మొదటి పేజీలోనే ఉన్నానండీ!