శుక్రవారం ఇంగ్లీషు పీరియడు... అక్క ముక్కుపుడక

మా చిన్నప్పుడు... తిరువూరు బళ్లో శుక్రవారం ఆఖరి పీరియడు ఇంగ్లీషు. ఆ గంట కొట్టగానే నాకు అరచేతుల్లో చెమటలు పట్టేవి. పాఠం రాక కాదు... వచ్చినందుకు.

మాస్టారు బోర్డు మీద రెండేసి ఇంగ్లీషు మాటలు రాసేవారు. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉండేవి, అర్థాలు మాత్రం దేనిదారి దానిదే. రాసుకునేది డైరీ, పాలు పోసేది డెయిరీ. పోగొట్టుకుంటే లూజ్, వదులైతే లూస్. ఇంట్లో అందరం జాకెట్టు లూజుగా ఉందనే అనేవాళ్లం కదా... సగం క్లాసుకి ఆ రెండూ తారుమారయ్యేవి. ఏడో తరగతి పరీక్షలో ఈ ప్రశ్న వచ్చి తీరుతుందని మాస్టారి నమ్మకం.

అర్థం చెప్పాలి, సొంతవాక్యం చెప్పాలి. రానివాళ్లు నిలబడాలి. వచ్చినవాళ్లు వెళ్లి, నిలబడ్డ ఒక్కొక్కరి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి... అప్పట్లో చాలా బళ్లలో ఉన్న పద్ధతే. మెల్లగా కొడితే "ఎలా కొట్టాలో చూపించనా?" అంటూ మాస్టారు మన చెంప మీదే చూపించేవారు.

నా బెంచీలో, నా పక్కనే మా అక్క కరుణ కూర్చునేది. నాకంటే రెండేళ్లు పెద్ద. పెనుగొలనులో అమ్మమ్మ మంచాన పడితే, చూసుకోడానికి బడి మానేసి రెండేళ్లు అక్కడే ఉండిపోయింది. అమ్మమ్మ పోయాక వచ్చి నా క్లాసులో చేరింది. లెక్కలు బాగానే చేసేది. ఇంగ్లీషు దగ్గరే గుండె జారిపోయేది తనకి.

"పరీక్ష తప్పావంటే పత్తి చేలో పనికే" అని నాన్న అక్కకి ముందే చెప్పేశాడు. కోపంగా కాదు, అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. అందుకే ఇంకా భయం వేసింది మాకు.

ఒక శుక్రవారం బోర్డు మీద క్వైట్, క్వయెట్ పడ్డాయి. ఒకటి 'చాలా', రెండోది 'నిశ్శబ్దం'. క్లాసంతా లేచి నిలబడింది, అక్కతో సహా. నేను గబగబా చెప్పేశాను... చెప్పేశాక గానీ అక్కనీ కొట్టాల్సివస్తుందని తట్టలేదు.

వరసగా కొట్టుకుంటూ అక్క దగ్గరికొచ్చాను. మాస్టారు చూస్తున్నారు. ముక్కు పట్టుకుంటే ముక్కుపుడక నా బొటనవేలికి గుచ్చుకుంది. కళ్లు మూసుకుని కొట్టాను. గట్టిగానే తగిలింది.

ఇంటికెళ్లాం. "చెంప అలా కందిందేంటే?" అని అమ్మ అడిగితే, "పంపు దగ్గర జారానమ్మా" అంది అక్క. నా వేలికి ముల్లు గుచ్చుకుందని నేను చెప్పాను. అమ్మ నా వేలికి పసుపు అద్దింది... అక్క చెంపకి ఏమీ పెట్టలేదు.

ఆ తర్వాత నేను నోరు విప్పలేదు. తెలిసినా నిలబడ్డాను. రాజ్యమనే అమ్మాయి వచ్చి అక్కనీ నన్నూ వరసగా కొట్టి వెళ్లేది. ఆ దెబ్బ నాకు హాయిగా ఉండేది, నిజం చెబుతున్నాను. కానీ మాస్టారు "ఏమ్మా, నీకూ రావట్లేదా?" అని నావైపే చూస్తుంటే తల దించేసుకునేదాన్ని.

మూడో వారం... బిసైడ్, బిసైడ్స్. ఒకటి 'పక్కన', రెండోది 'అంతేకాక'. ఆ ముందు రోజే అక్కకి నేనే నేర్పాను. తను మర్చిపోయింది, నేను నోరు మూసుకున్నాను. అక్కకి అంతా అర్థమైపోయింది.

దారిలో ఆపి అడిగింది. "నీకు తెలుసు కదే. ఎందుకు చెప్పలేదు?"

"మరి నిన్ను కొట్టాలిగా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"కొట్టు. కొట్టి, ఇంటికొచ్చి మళ్లీ నేర్పు. నువ్వు చెప్పకుండా నిలబడితే మాత్రం నేను బడికి రాను. పత్తి చేలోకి పోతానని నాన్నకి నేనే చెప్తా."

అన్నంత పనీ చేసే మనిషి. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. రోజూ సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంటే, ఒక్కో జంటా చెప్పించేదాన్ని. ఒకరోజు అన్నీ వచ్చేవి. మర్నాడు అన్నీ పోయేవి.

మళ్లీ శుక్రవారం వచ్చింది. ఆఖరి పీరియడుకి ముందు అక్క ముక్కుపుడక తీసి, ఓణీ కొంగున ముడేసుకుంది. అంటే తప్పు చెబుతానని ముందే అనుకుంటోంది... నా చేతి దెబ్బకి భయపడుతోంది... అనుకున్నాను నేను. ఆ రోజూ కొట్టాను. తర్వాత ఇంకో రెండు వారాలూ కొట్టాను. పరీక్షలు దగ్గరపడేసరికి ఆ అవసరం తగ్గింది. అయినా శుక్రవారం వస్తే ముక్కుపుడక కొంగులోకి వెళ్లాల్సిందే.

ఫలితాల రోజు బడి గోడకి నంబర్ల కాగితం అంటించారు. నా నంబరు సంగతే మర్చిపోయి అక్క నంబరు వెతికాను. కళ్లకి నీళ్లు అడ్డం వచ్చి ఒక పట్టాన కనపడలేదు... ఉంది. రెండు సార్లు వేలు పెట్టి చూసుకున్నాను.

మొన్న తిరువూరు వెళ్లినప్పుడు, అక్క తన మనవరాలి చేత ఆ జంట మాటలే చదివిస్తోంది. ఆ పిల్ల తప్పు చెప్పింది. "ఇంకోసారి చూడు నాన్నా" అంది అక్క, అంతే.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "నొప్పి పుడుతుందనే కదక్కా, అప్పట్లో ముక్కుపుడక తీసేదానివి?"

"నా నొప్పికేంలే" అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "మొదటిరోజు నీ వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది కదే."

నేను నా బొటనవేలు చూసుకున్నాను...

ఇప్పుడు మాట తప్పు కొడితే ఫోనే దిద్దేస్తోంది. బళ్లో ఎవరి చెంపా ఎవరూ ముట్టుకోవడం లేదు. మంచిదే, ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ ఏ తప్పు మాట కనపడినా నా బొటనవేలు ఇప్పటికీ చురుక్కుమంటుంది.

మిమ్మల్ని ఎవరు కొట్టారో అందరికీ గుర్తుంటుంది... మీరు ఎవరిని కొట్టాల్సి వచ్చిందో, అది చెప్పండి.