టేబుల్లో అక్క వరుస

తిరువూరు బస్టాండు వెనక సందులో, మా ఇంటి ఆడవాళ్లకు జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. కుట్టేది భాయ్. ఆయన కూతురు కంప్యూటర్ డిగ్రీ చదివింది. నిరుడు ఓ పాత కంప్యూటర్ తెచ్చి, అందరి కొలతలూ అందులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. పత్రికలో పనిచేసినవాణ్ని కదా, కొత్త పని కనిపిస్తే పక్కన కూర్చుని అడగడం అలవాటు. టేబుల్లో, అంటే కొలతల పట్టికలో, ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉంటుందని, ఏ వరుస ఎవరిదో గుర్తుపట్టడానికి ఒక గడి కావాలని, దాన్ని ప్రైమరీ కీ అంటారని ఆ అమ్మాయి చెప్పింది.

"పేరు సరిపోదా?" అన్నాను.

"ఒకే పేరు పదిమందికుంటుందండీ. ఫోన్ నంబరైతే ఇద్దరికి ఉండదు."

"నాకు రెండు ఫోన్లున్నాయి. అయితే నేను ఇద్దరినా?" అన్నాడు భాయ్, మిషను ఆపకుండా.

"ఆ పొట్ట చూస్తే ఇద్దరనే రాసుకోవచ్చు నాన్నా."

ముగ్గురం నవ్వుకున్నాం. ఫోన్ లేనివాళ్ల సంగతి ఎవరికీ తోచలేదు.

మా అక్కకు ఫోన్ లేదు. బావ పోయాక గంపలగూడెం నుంచి మా ఇంటికి వచ్చేసింది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఎవరు నంబరు అడిగినా నాదే చెప్పేది. వదులు జాకెట్టంటే ఆమెకు గిట్టదు. జబ్బుతో చిక్కిపోయి పాత జాకెట్లన్నీ భుజాల మీద నుంచి జారిపోతుంటే, నన్ను తోడు తీసుకుని దుకాణానికి వెళ్లి కొత్త కొలతలు ఇచ్చింది.

"ఇప్పుడు కుట్టొద్దమ్మా. ఇంట్లో చూస్తే ఏడుస్తారు. పిలుపొచ్చిన రోజు వీడొచ్చి చెబుతాడు. తెల్లచీర తీసి ఉంచాను. నన్ను సంచిలో వేసినట్టు పంపొద్దు."

"అదేంటి మామ్మగారూ, ఆ మాటలు? ఇంకా చిక్కితే కొలతలు మళ్లీ తీస్తాంలెండి."

"ఇంకా చిక్కడానికి నాలో ఏముందే?" అంది అక్క.

ఆమె పోయిన రోజు, పొద్దున్నే దుకాణం తెరిపించాను. ఆ అమ్మాయి నా నంబరు కొట్టింది. తెర మీద అంకెలు చూసి, మళ్లీ కొట్టింది.

"ఇవి మామ్మగారివి కావండీ."

మా కోడలివి. అంతకుముందు వారమే పెళ్లికని జాకెట్టు ఇచ్చి, అలవాటు కొద్దీ నా నంబరే చెప్పింది. ఆ నంబరుతో వరుస అప్పటికే ఉండటంతో, కొత్త కొలతలు పాతవాటి మీద పడి అక్కవి చెరిగిపోయాయి.

"ఒక నంబరంటే ఒక మనిషే అనుకున్నానండీ," అంది ఆ అమ్మాయి.

"పాత జాకెట్టు తెప్పించనా?" అన్నాడు భాయ్.

"అది వదులు నాన్నా. వద్దనే కదా ఆవిడ చెప్పింది." టేపు మెడలో వేసుకుని నా వెంట బయల్దేరింది.

అక్కను పడుకోబెట్టిన గదిలోకి ఆడవాళ్లు ఆమెను తీసుకెళ్లారు. నేను తలుపు బయట నిలబడ్డాను. ఆ పిల్ల గొంతు వినిపించింది.

"చెయ్యి కొంచెం ఎత్తండి మామ్మగారూ."

దుకాణంలో రోజూ అనే మాటే. నేను వెళ్లి వాకిట్లో కూర్చున్నాను.

మధ్యాహ్నానికి భాయ్ కుట్టి పంపాడు. జాకెట్టు భుజాల దగ్గర ఎక్కడా వదులు లేదు. సాయంత్రం పాదిరిగారు ప్రార్థన చేస్తుంటే నేను వాక్యం వినలేదు, ఆ కుట్టే చూశాను.

ఆమధ్య మా ఆవిడ జాకెట్టు ఇవ్వడానికి నేను వెళితే, టేబుల్ మార్చానని ఆ అమ్మాయి చూపించింది. ఇప్పుడు ప్రతి మనిషికీ కంప్యూటరే ఒక సంఖ్య ఇస్తుంది. అది ఇంకెవరికీ రాదు, మారదు. ఫోన్ నంబరన్నది పక్కనుండే ఇంకో గడి మాత్రమే, ఇంటిల్లిపాదికీ ఒకటే ఉన్నా ఫరవాలేదు. మా ఇంటివాళ్ల వరుసల్లో అక్కది కూడా ఉంది, ఆ పొద్దున తీసిన కొలతలతో.

"లేని మనిషికి ఎందుకే అన్నారు నాన్న. తీసెయ్యబుద్ధి కాలేదండీ."

అక్క వరుసలో ఫోన్ గడి ఖాళీగా ఉంది.

"మీ నంబరు వెయ్యమంటారా?"

వద్దన్నాను.