నాలుగు వందల పద్దెనిమిది మంది ఎవరు?

సొలాంజ్ పేరిషూ మా వెర్నేజు ఊళ్లోని పింగాణీ కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్లు పళ్లేల అంచులకు బంగారు గీత గీసింది. తిరిగే చక్రం మీద పళ్లెం పెట్టి, ఊపిరి బిగబట్టి, కుంచెను ఒక్క చోట నిలిపి ఉంచితే గీత చుట్టూ తిరిగి మొదలైన చోటే వచ్చి కలిసేది. ఆ చెయ్యి వణకగా నేను చూసింది ఒక్కసారే. 2004 మార్చిలో, ఓట్లు లెక్కపెట్టిన ఆదివారం సాయంత్రం.

అప్పట్లో నేను మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాను. ఎన్నికల కాగితాలన్నీ నా చేతుల మీదుగానే వెళ్లేవి. సొలాంజ్ ఇల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల.

ఇరవై రెండేళ్ల వయసులో, ఒక సమ్మె రోజుల్లో, ఆమె శ్రామిక ఐక్యతా పక్షంలో చేరింది. పారిస్‌లో ఒక చిన్న ఆఫీసు, దేశమంతా కలిపి కొన్ని వేలమంది సభ్యులు, అంతే ఆ పార్టీ. ఏ ఎన్నిక వచ్చినా బడి గోడ దగ్గర వరసగా నిలబెట్టే పోస్టర్ల పలకల్లో ఆఖరిది వాళ్లది. బకెట్లో జిగురు కలుపుకుని సొలాంజ్ ఒక్కతే వెళ్లి అంటించేది. సాయంత్రం లెక్క తేలేసరికి మా ఊళ్లో ఆ పార్టీకి తొమ్మిది ఓట్లు వచ్చేవి. ఒక్కోసారి ఎనిమిది. ఆ తొమ్మిది మందీ ఎవరో తనకు తెలుసని ఆమె నమ్మకం. తను, భర్త మార్సియాల్, చెల్లెలు ఇవెత్, కార్ఖానాలో పాత స్నేహితులు ఆరుగురు.

"తొమ్మిది మందికి ఒక పార్టీ ఎందుకమ్మా, ఒక బల్ల చాలదా?" అని వెక్కిరించేవారు కాఫీ కొట్లో.

"బల్ల దగ్గర కూర్చున్న వాళ్లెవరో నాకు తెలుసు. మీ పార్టీలో మీకు తెలుసా?" అనేది.

ఆ ఏడాది జిల్లా మండలి ఎన్నికకు మా ప్రాంతంలో ఆ పార్టీ తరఫున నిలబడటానికి ఎవరూ దొరకలేదు. సరే, నేనే నిలబడతానంది. అంతకు రెండు నెలల ముందే పారిస్‌లో పార్టీ రెండుగా చీలింది. పాత కార్యదర్శి ఒక వైపు, కొత్త కార్యదర్శి మరో వైపు. పేరు మాత్రం ఎవరూ వదులుకోలేదు. సొలాంజ్‌కు ఒకే వారంలో రెండు సభ్యత్వ కార్డులు పోస్టులో వచ్చాయి. రెండింటి మీదా ఒకే నంబరు.

"వీటిలో ఏది నిజం?" అని మార్సియాల్‌ను అడిగింది.

"నిన్ను చూస్తే తెలియడం లేదా? నువ్వు రెట్టింపయ్యావు," అన్నాడతను పేపరు మడుస్తూ.

అభ్యర్థులు ముఖ్యంగా ఇద్దరు. పశువుల డాక్టరు షాత్నే కుడిపక్షం, అప్పటికే పన్నెండేళ్లుగా మండలి సభ్యుడు. బడి హెడ్మాస్టరు దెల్‌బ్రూస్ సోషలిస్టు. ఈసారి హెడ్మాస్టరుదే గెలుపని అందరూ అనుకున్నారు.

మా దగ్గర బల్ల మీద ఒక్కో అభ్యర్థి పేరుతో ఒక్కో చీటీల దొంతర ఉంటుంది, ఓటరు కావలసిన చీటీని కవరులో పెట్టి పెట్టెలో వేస్తాడు. సాయంత్రం ఆరింటికి పెట్టె తెరిచారు. బల్ల దగ్గర ఒకరు కవరు విప్పి చీటీ ఇస్తారు, ఒకరు పేరు చదువుతారు, ఇద్దరు గీతలు గీస్తారు. సొలాంజ్ కుర్చీ వెనక నిలబడింది. షాత్నే. దెల్‌బ్రూస్. పేరిషూ. షాత్నే. పేరిషూ. పేరిషూ. పదో గీత దాటినప్పుడు ఎవరో నవ్వారు. నలభై దాటాక నవ్వు ఆగింది.

చదివేవాడు తల ఎత్తి, "ఇవి సరైన చీటీలేనా? ప్రింటులో తప్పేమీ లేదు కదా?" అని నన్ను అడిగాడు.

ఒక్కో చీటీ వెలుతురుకు పెట్టి చూశాను. తప్పేమీ లేదు. మేయరు మళ్లీ లెక్కపెట్టించాడు. నూట అరవై మూడు. కుర్చీ వీపును పట్టుకున్న సొలాంజ్ చేతి వేళ్లు అప్పుడు వణికాయి. తర్వాత మిగతా అయిదు ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. మొత్తం నాలుగు వందల పద్దెనిమిది. షాత్నేకు తొమ్మిది వందల రెండు, హెడ్మాస్టరుకు ఏడు వందల డెబ్బై ఒకటి. ఎవరికీ సగం ఓట్లు రాలేదు కాబట్టి వచ్చే ఆదివారం మళ్లీ పోలింగు. నమోదైన ఓటర్లలో పదో వంతు దాటింది కాబట్టి సొలాంజ్‌కు రెండో విడతలో నిలబడే హక్కు వచ్చింది. మంగళవారం సాయంత్రం నాలుగింటిలోపు జిల్లా కేంద్రం లిమోజ్ వెళ్లి కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే తప్పుకున్నట్టే.

ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు. ఇంట్లోకి ముక్కూ మొహం తెలియని చుట్టాలు దిగినట్టు చూసింది.

"ఎవరు వాళ్లంతా?" అని మాత్రం అంది.

అంతకు ముందు ఏడాది కార్ఖానా మూతపడటం వల్లనే ఈ ఓట్లని మేయరు తేల్చేశాడు. కానీ అన్ని ఊళ్లలోకీ ఆమెకు ఎక్కువ శాతం వచ్చింది ల్యూబెరాక్ అనే పల్లెలో. అక్కడ కార్ఖానా మనిషి ఒక్కడూ లేడు. అంతా ఆవుల వాళ్లు, అందరికీ డాక్టరు షాత్నేతోనే పని.

సోమవారం పొద్దున్నే రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది పాత కార్యదర్శిది: "కామ్రేడ్, మీరు ఉంటే మన ఓట్లు చీలి కుడివాళ్లు గెలుస్తారు. తప్పుకోండి." అరగంటకు కొత్త కార్యదర్శి: "కామ్రేడ్, తప్పుకుంటే ద్రోహం. నిలబడండి." ఇద్దరూ చివర ఒకే మాట చెప్పారు, అవతలివాడిది అసలు పార్టీయే కాదని.

ఆమె సైకిలు తీసి ఊళ్లమీద పడింది. రొట్టెల కొట్టు ఆవిడ, "నేను వెయ్యలేదమ్మా, కానీ వేసి ఉంటే బాగుండేదనిపిస్తోంది," అంది. ల్యూబెరాక్‌లో ఆర్మాన్ అనే ముసలి రైతు పేడ తీస్తూ, "వేశాను," అన్నాడు.

"ఎందుకు?"

"నీ బొమ్మ బాగుంది."

"పోస్టరు మీద నా బొమ్మే లేదు కదయ్యా."

ఆర్మాన్ పార ఆపాడు. "అవునా? మరైతే తెలీదు," అన్నాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఈ సంగతి మార్సియాల్‌కు చెప్పింది. బంగాళాదుంపలు కూరిన రొట్టె ముక్క కోస్తున్న అతను కత్తి పక్కన పెట్టాడు.

"సొలాంజ్, ఒకటి చెప్పాలి. నిన్న నీకే వేశాను. కానీ అంతకు ముందెప్పుడూ వెయ్యలేదు. సోషలిస్టులకే వేశాను, ముప్పై ఏళ్లూ."

"ముప్పై ఏళ్లూ?"

"నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు."

ఆమె కోపగించుకోలేదు. అదే అతన్ని భయపెట్టిందని తర్వాత నాతో అన్నాడు. "అయితే ఆ తొమ్మిదోది ఎవరిది?" అని అడిగింది.

సాయంత్రం హెడ్మాస్టరు దెల్‌బ్రూస్ తోట గేటు దగ్గరికి వచ్చాడు. సమ్మె రోజుల్లో కార్ఖానా వాకిట్లో సూపు వడ్డించినవాడు.

"మనం మనం ఒకటే కదా సొలాంజ్. ఈ ఒక్కసారి పక్కకు జరుగు."

"నాకు వేసినవాళ్లెవరో నీకు తెలిస్తే చెప్పు. వాళ్లను అడిగి జరుగుతాను."

"అదెలా తెలుస్తుంది? రహస్య ఓటు."

"నాకూ అదే బాధ," అంది.

మంగళవారం నా కార్లో లిమోజ్ తీసుకెళ్లాను.  సగం దారిలో ఉన్నట్టుండి, "నువ్వు?" అంది.

ఆఫీసు మనిషిని కాబట్టి చెప్పకూడదు. అయినా చెప్పాను, ఆమెకే వేశానని.

"ఎందుకు వేశావు?"

నిజంగానే ఆలోచించాను. పొద్దున లేచినప్పుడు హెడ్మాస్టరుకే వెయ్యాలనుకున్నాను. తెర వెనక్కి వెళ్లాక చెయ్యి మరో చీటీ మడిచింది. ఆమె మీద జాలి వల్ల కాదు. కోపం వల్లా కాదు. అంతకంటే చెప్పలేకపోయాను.

"నువ్వు కూడానా," అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

మూడున్నరకు కాగితం మీద సంతకం పెట్టింది. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని చెప్పింది: "పార్టీ కోసం కాదు. ఏ పార్టీయో నాకే తెలియదు. వాళ్లు పొరపాటున వేశారా, కావాలని వేశారా? ఇంకోసారి అడిగితే గాని తెలియదు."

మరుసటి ఆదివారం నాలుగు వందల ముప్పై ఒకటి వచ్చాయి. పొరపాటు కాదన్నమాట. షాత్నే ముప్పై ఒక్క ఓట్ల తేడాతో హెడ్మాస్టరును ఓడించాడు.

గురువారం సంతలో సగంమంది ఆమెతో చెయ్యి కలపలేదు. చెల్లెలు ఇవెత్ టమాటాల బండి ముందే నిలదీసింది: "కుడివాణ్ని మా నెత్తిన పెట్టావు. సంతోషమా?"

"సంతోషం కాదు."

"మరి బాధా?"

"అదీ తెలియడం లేదు ఇవెత్."

ఇవెత్ రెండేళ్లు మాట్లాడలేదు. ఆ రెండేళ్లలో జరిగింది ఇంకా అర్థం కానిది. మూసేస్తామన్న ప్రసూతి వార్డు కోసం, ఆపేసిన లిమోజ్ బస్సు కోసం డాక్టరు షాత్నే తన సొంత పార్టీతోనే పోట్లాడాడు. వార్డు పోయింది గాని బస్సు తిరిగి వచ్చింది. ఒకరోజు మునిసిపల్ ఆఫీసులో నా ఎదురుగానే సొలాంజ్‌తో అన్నాడు: "మదాం, ల్యూబెరాక్‌లో ప్రతి ఆవుకూ నేనే పురుడు పోశాను. వాళ్లు మీకు వేశారు. నాకు నిద్ర పట్టలేదు."

"అయితే వాళ్లు ఏం కోరుకున్నారు?"

"నేను మీరు చెబుతారనుకున్నాను," అన్నాడు డాక్టరు.

కొత్త కార్యదర్శి వర్గం పారిస్ శివారులో మహాసభ పెట్టి ఆమెను పిలిచింది. దేశంలో ఆ పార్టీకి అంత శాతం మరెక్కడా రాలేదట. ఆటల హాల్లో రెండు వందల కుర్చీలు. వెర్నేజు విజయ పద్ధతి గురించి చెప్పమని మైకు ఇచ్చారు. పండగల్లో వేసుకునే నీలం కోటు వేసుకుని ఆమె లేచింది. "పోస్టర్లు అంటించాను. ఎప్పుడూ అంటించినట్టే. ఎందుకు వేశారో నాకు తెలియదు. అడిగాను. వాళ్లకూ తెలియదు," అని కూర్చుంది. అణకువ అనుకుని చప్పట్లు కొట్టారు. ఒక కుర్ర ప్రతినిధి మాత్రం నోటు పుస్తకం తెరిచి, ఆమె వాడిన జిగురు ఏ రకమని అడిగాడు. పిండితో కాచిన జిగురని ఆమె శ్రద్ధగా చెప్పింది. అతను రాసుకున్నాడు.

2011లో మళ్లీ జిల్లా మండలి ఎన్నిక వచ్చినప్పుడు రెండు వర్గాలూ లిమోజ్‌లోనే ఒకదాని మీద ఒకటి పోటీ పడి, మా ప్రాంతానికి అభ్యర్థినే పంపలేదు. పోలింగు రోజు మధ్యాహ్నం ఆర్మాన్ చేతికర్ర పట్టుకుని సొలాంజ్ ఇంటికి వచ్చాడు. అప్పటికే రిటైరైన నేను అక్కడే కాఫీ తాగుతున్నాను.

"బల్ల మీద నీ చీటీ లేదేం?"

"నేను నిలబడలేదు ఆర్మాన్. పార్టీ కూడా నిలబడలేదు."

"రెండుసార్లు వెతికాను. చివరికి ఖాళీ కవరు వేసి వచ్చాను." ముసలాయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ముందే చెప్పాలి కదమ్మా."

సొలాంజ్ క్షమించమని అడిగింది. అతనికి కుర్చీ వేసి, కాఫీ పోసి, ఎదురుగా కూర్చుని, జవాబు అక్కడ దొరుకుతుందేమో అన్నట్టు అతని ముఖంలోకి చూసింది. అతను కాఫీలో పంచదార కలుపుకుంటూనే ఉన్నాడు.