తాళంచెవులు మోగినా నేను దిగలేదు

పోయిన సంవత్సరం నవంబర్ పదిహేడో తేదీ, సోమవారం, సాయంత్రం నాలుగుంపావుకు, అమెరికాలో పార్సిప్పనీ అనే ఊరి దగ్గర, చెక్ దేశం వాళ్ల హాల్లో నేను మైకు ముందు నిలబడ్డాను. చేతిలో ఒకే కాగితం. రాసింది నేను కాదు, నాకు చదువు చెప్పిన టీచరు.

ఆవిడది చెక్ రాజధాని ప్రాగ్. వయసు ఎనభై దాటింది. లైబ్రరీలో జీతం లేకుండా నాలాంటి చదువురానివాళ్లకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పేది. నేను మొదలుపెట్టేనాటికి నాకు అరవై ఆరేళ్లు. నిరుడు ఆవిడకు చూపు పోయింది. ఏటా ఆ రోజున చదివే తన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నేర్పింది నేను. చదవాల్సింది నువ్వు."

మా అమ్మాయి కారులోనే మొదలెట్టింది. "అమ్మా, అంతమందిలో ఆగిపోతే ఎంబరాసింగ్‌గా ఉంటుంది. నేను చదువుతాలే, నువ్వు పక్కన నిలబడు."

"ఊరికే నిలబడడానికి నేనేమన్నా పూలకుండీనా?" అన్నాను.

చదివాను, అక్షరాల కింద వేలు పెట్టుకుని. పరాయి దేశపు ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చినప్పుడు జనం వీధుల పేర్ల బోర్డులు పీకేశారట. మ్యాపులున్న సైనికులు కూడా దారి తెలియక తిరిగారట. తమ వీధి బోర్డు పీకింది ఆవిడే. నాకు ఆ సైనికుల మీద జాలి లేదు కానీ, వాళ్ల అవస్థ తెలుసు. బోర్డులన్నీ ఉన్న ఊళ్లలో నేను అరవై ఆరేళ్లు అలాగే తిరిగాను.

తర్వాత ఇరవై ఒక్క ఏళ్లకు, ఇదే నవంబర్‌లో, జనం కూడళ్లలో నిలబడి, తాళంచెవుల గుత్తులెత్తి మోగించారు. 'గంట కొట్టాం, ఇక దిగి ఇంటికి పొండి' అని పాలకులకు చెప్పడం అది. అప్పటికే ఇక్కడికొచ్చేసిన ఆవిడ టీవీ ముందు నిలబడి తన కారు తాళాలు మోగించింది.

అంతవరకు చదివి, తర్వాతి మాట దగ్గర ఆగాను. అప్పుడే హాలంతా తాళంచెవులు మోగాయి.

నాకు ఒళ్లు మండింది. దిగి పొమ్మనడమేగా! మా అమ్మాయి కుర్చీలోంచి సగం లేచింది. నేను మైకులోనే అనేశాను: "నో గో హోమ్! టూ లైన్స్ మోర్!"

జనం విరగబడి నవ్వారు. తాళాలు ఇంకా గట్టిగా మోగాయి. ముందు వరుసలోంచి టీచరు అరిచింది: "నిన్ను కాదే, మొండిదానా! ఈ మాట దగ్గర ఏటా మోగిస్తాం. కానియ్, చదువు!"

చదివాను. "అక్కడ ఒక బోర్డు పీకాను. ఇక్కడ బోర్డులు చదవడం నేర్పుతున్నాను." అంతే, అయిపోయింది. ఎవరి సాయమూ తీసుకోలేదు.

పేర్లు చెప్పను. ఆ రోజు అక్కడున్నది: నేను, కళ్లు మూసుకుని విన్న మా టీచరు, ఆవిడను తీసుకొచ్చిన కొడుకు, నలభైమంది దాకా చెక్ ముసలీముతకా, వీడియోలో నా తల సగం కోసేసిన మనవరాలు, రెండో వరుసలో కారు తాళాలు పైకెత్తి మోగిస్తున్న మా అమ్మాయి.