ఎవరి డ్రాయింగులోనూ లేని నిచ్చెన

కరోనా తగ్గిన మరుసటి జూన్‌లో నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ సూపర్‌వైజర్‌గా చేరాను. అంతకుముందే పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ నుంచి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. పదో తరగతి తప్పినవాణ్ణి. డిక్షనరీ పక్కన పెట్టుకొని మోటార్ల మాన్యువళ్లు చదివి పని నేర్చుకున్నాను.

కాలేజీలో ఆర్కిటెక్చర్, సివిల్, ఎలక్ట్రికల్ విద్యార్థులు కలిసి సోలార్ కరెంటుతోనే నడిచే ఇల్లు కడుతున్నారు. పూర్తయ్యాక అందులో వాచ్‌మన్ యాదయ్య కుటుంబం ఉండాలి. ఆ మాట నమ్మి అతను ఇస్నాపూర్‌లో కిరాయి గది ఖాళీ చేశాడు.

పిల్లలు తెలివైనవాళ్లే. ప్యానెళ్ల వాలులో, ఎండ లెక్కలో తప్పు లేదు. కాని మా వైపు ఫ్యాక్టరీల బాయిలర్ల బూడిద రోజూ పడుతుంది. తుడవకపోతే ప్యానెల్ ఇచ్చే కరెంటు తగ్గుతుంది. కప్పు మీదికి దారి ఏదని అడిగాను.

"నిచ్చెన పెడితే ముందు గోడ అందం పోతది అంకుల్," అంది ఆర్కిటెక్చర్ అమ్మాయి.

"తుడుసుడు మా సిలబస్‌ల లేదు," అన్నాడు ఎలక్ట్రికల్ అబ్బాయి. డ్రాయింగులో ఉంటే కట్టేవాళ్లమని సివిల్ వాళ్లు తప్పుకున్నారు.

"మరి బూడిద ఏ బ్రాంచి బిడ్డా?" అన్నాను. అందరూ నవ్వారు.

ఫ్యాక్టరీలో కొత్త లైనుకు కరెంటు ఇచ్చే ముందు అన్ని విభాగాల ఫోర్‌మన్లూ కలిసి ఒక చుట్టు తిరిగి, ఒకే కాగితం మీద సంతకాలు పెడతారు. ఇక్కడ ఎవరి షీటు మీద వాళ్లు పెట్టుకున్నారు. ప్రారంభోత్సవం దగ్గరపడింది. నిచ్చెన తర్వాత చూద్దామన్నారు పెద్దసార్లు. పని పూర్తయినట్టు చివరి సంతకం నేనే పెట్టాను.

యాదయ్య కుటుంబం ఆ ఇంట్లో దిగిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, ఫ్యాను మెల్లగా తిరుగుతోందని అతను డ్రమ్ము మీద కుర్చీ వేసుకొని, తడిగుడ్డతో కప్పెక్కాడు. కాలు జారింది. తుంటి విరిగింది.

ఆసుపత్రిలో నన్ను చూడగానే, "సగం తుడిసిన సారూ," అన్నాడు. "మిగిలింది ఎవలతోనన్న జెర తుడిపియ్యుండ్రి. మా పోరికి పరీక్షలున్నయి, ఉక్కకు సదువలేకపోతున్నది."

విచారణలో మూడు విభాగాలూ తమ డ్రాయింగులు పరిచాయి. దేనిలోనూ తప్పు లేదు. దేనిలోనూ నిచ్చెన లేదు. ఎక్కమని అతనికి ఎవరు చెప్పారని అడిగాడొక పెద్దమనిషి! నడవలేని వాచ్‌మన్ పనికిరాడని యాదయ్యను తీసేశారు. ఉద్యోగంతోపాటు ఇల్లూ పోయింది. ఇప్పుడు ఆ ఇల్లు వచ్చిపోయే అతిథులకు చూపించడానికి ఉంది. నిచ్చెన కూడా పెట్టారు.

తుడిచే మనిషి ఎక్కే దారి గీయనిదే ఏ డ్రాయింగూ పూర్తి కాదు. పిల్లలకు ఆ సంగతి తెలియదు. తెలిసీ సంతకం పెట్టింది నేనొక్కణ్ణే.