పెట్టె తూర్పుకు తిరిగిన రోజు

నెట్‌వర్క్ పరికరాలు బిగించడం నా ఉద్యోగం. ఒకరోజు పొద్దున్నే జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి వెళ్లాను. అక్కడ పాత బిల్డింగు వెనుక కొత్త బ్లాకు కట్టి, ల్యాబు నిండా కంప్యూటర్లు పెట్టారు. ఒక్కదానికీ నెట్ రావడం లేదు.

ఏ కంప్యూటరైనా ఆన్ కాగానే, నెట్ కోసం తనకొక అడ్రసు కావాలని అడుగుతుంది. ఇచ్చే సర్వరేమో పాత బిల్డింగులో ఉంది. ఈ అడగడం అంత దూరం పోదు కనుక, మధ్యలో కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్చు అందుకుని సర్వరుకు చేరవేయాలి. దాన్నే డీహెచ్‌సీపీ రిలే అంటాం. చేరవేసేటప్పుడు ‘ఇది కొత్త బ్లాకుది’ అని ఒక గుర్తు జోడించే ఆప్షన్ కూడా ఉంది. ఆ గుర్తు చూశాకే సర్వరు అడ్రసు ఇస్తుంది. గుర్తు పేరు సర్వరులోనూ, స్విచ్చులోనూ ఇంగ్లిషులో టైపు చేసి, దర్జాగా కూర్చున్నాను.

ఏమీ కాలేదు. కేబుళ్లు మార్చాను. అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేశాను. కరెంటు పని చేసినవాణ్ణి కాసేపు తిట్టుకున్నాను. మధ్యాహ్నానికి కాలేజీ కరస్పాండెంట్ తెల్లబట్టల్లో దిగాడు.

“ఏమైంది తమ్మీ?”

“సర్వరు పాతది సార్. పలుకుతలేదు.”

ఆయన ఫోనులో దిక్సూచి తెరిచి, స్విచ్చు ఉన్న ఇనుప పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. “దీని మొఖం దక్షిణం దిక్కున్నది. గిట్ల పెడితే నెట్ ఎట్ల వస్తది? తిప్పుండ్రి తూర్పుకు!”

“దానికీ దీనికీ సంబంధం లేదు సార్.”

“పొద్దుగాల సంది నీ సంబంధమే చూస్తున్నం గదా. జర నా మాట ఇను.”

ఇద్దరు అటెండర్లు వైర్లు ఊడకుండా పెట్టెను జరపసాగారు. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మూలన కూర్చున్నాను. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చే కంప్యూటర్ లెక్చరరమ్మ నా వెనుక నిలబడి తెర చూస్తోంది.

“అన్నా, సర్వర్ల ‘బ్లాక్’ అన్నకాడ సీ ఉన్నది. స్విచ్చుల లేదేంది?”

నా చెవులు వేడెక్కాయి. స్విచ్చులో ఒక అక్షరం మింగేశాను. ఆ గుర్తు తనకు తెలియదని సర్వరు పొద్దుటినుంచీ మౌనంగా ఉంది, పాపం. గబగబా సీ చేర్చి సేవ్ కొట్టాను. సరిగ్గా అప్పుడే పెట్టె తూర్పుకు తిరిగి నేలకు ఆనింది. కంప్యూటర్లు ఒక్కొక్కటే నెట్ అందుకున్నాయి.

“చూసినవా!” అని కరస్పాండెంట్ చప్పట్లు కొట్టాడు. ఒక అటెండరు పెట్టెకు దండం పెట్టాడు. లెక్చరరమ్మ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ల్యాప్‌టాప్ మూసేసి చాయ్ తాగాను.

పది రోజులకు ఆయన ఫోన్ చేశాడు. “భూపాలపల్లిల మా బామ్మర్ది స్కూల్ల నెట్ వస్తలేదట. నువ్వేం గెలక్కు. పెట్టె తిప్పిరా, చాలు.”

ఇక దాచడం నా వల్ల కాలేదు. “సార్, ఆ రోజు తప్పు నాది. ఒక అక్షరం ఎగిరిపోయింది. అది దిద్దినంకనే నెట్ వచ్చింది.”

“ఆ తప్పు ఎప్పుడు కనపడ్డది?”

“పెట్టె తిప్పేటప్పుడు.”

“గదే మరి! పొద్దుగాల సంది కనపడనిది పెట్టె తిరగంగనే కనపడ్డది. ఇంకేం గావాలె?”

మర్నాడు భూపాలపల్లి వెళ్లాను. అక్కడ ఒక కేబుల్ వదులైంది, అంతే. బిగించాను, నెట్ వచ్చింది. కానీ బామ్మర్ది పక్కనే నిలబడి, ఇంకా ఏదో మిగిలినట్టు నా చేతులకేసే చూస్తున్నాడు. చేసేదిలేక పెట్టెను పట్టుకుని తూర్పుకు తిప్పాను.