పిండి పొంగే గోడ

ఢిల్లీ చలికి ఇడ్లీ పిండి పులియదు. రాత్రంతా ఉంచినా తెల్లారేసరికి పెట్టింది పెట్టినట్టే, తడిపిన సిమెంటులా గిన్నెలో కూర్చుని ఉంటుంది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో తెలుగు పిల్లలకు మెస్ నడిపేవాళ్లందరికీ జనవరి వస్తే ఇదే దిగులు. ఒకరు గిన్నెకు స్వెటర్ తొడుగుతారు, ఒకరు బియ్యం డబ్బాలో దాస్తారు, ఇంకొకరు ఎవరూ చూడకుండా సోడా కలుపుతారు. ఛాయాదేవికి మాత్రం ఆ బెంగ లేదు. ఆమెకొక గోడ ఉంది.

తుని నుంచి వచ్చిన మనిషి. ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో వంటగది అద్దెకు తీసుకుని, అదే అంతస్తులో ఉంటూ సివిల్స్‌కు చదువుకునే అమ్మాయిలకు వండి పెడుతుంది. గొంతు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ‘చాలక్కా’ అంటే ఇంకో గరిటె వేయమని ఆమె లెక్క.

ఆ అంతస్తు ఒకప్పుడు ఒక కుటుంబం కోసం కట్టింది. ఇంటి యజమాని ఛాబ్రా దాన్ని ప్లైవుడ్ పలకలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ‘రూము’ అని పేరు పెట్టాడు. ఒక్కో రూములో ఒక అమ్మాయి, ఒక హీటరు, ఒక కెటిలు. గోడలోని కరెంటు తీగ మాత్రం ఆ పాత కుటుంబం నాటిదే. నాలుగు లైట్లు, ఫ్యాన్లు, ఒక టీవీ మోయడానికి వేసింది. గోడలకు రంగు వేయించాడు, అద్దె పెంచాడు, తీగ జోలికి పోలేదు. రంగు కనబడుతుంది, తీగ కనబడదు. కనబడని దాని మీద ఖర్చు పెట్టే ఇంటి యజమాని ఈ నగరంలో ఇంకా పుట్టాలి.

వంటగది తలుపు పక్కన, ఫ్యూజు బోర్డు కింద, ఒక గూడు ఉంది. చలికాలం మొదట్లో చోటు చాలక ఒకనాడు పిండి గిన్నె అక్కడ పెట్టింది ఛాయాదేవి. తెల్లారేసరికి మూత పైకి లేచి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే గోడ వెచ్చగా, అప్పుడే పాలు తాగి పడుకున్న పసిబిడ్డ ఒళ్లులా ఉంది. ఆ ఆదివారం ఇడ్లీలు దూదే. తర్వాత ఆదివారం పక్క వీధుల పిల్లలూ వచ్చారు. కింది అంతస్తులో ఉండే ఛాబ్రాకు కూడా ప్లేటు వెళ్లడం మొదలైంది.

“స్థల మహిమ అమ్మా ఇది! లచ్చిందేవి ఈ మూలే ఉంది” అని ఛాయాదేవి గోడకు పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఇలా ఉండగా ఒక శనివారం సాయంత్రం వీధిలో కేబుల్ కాలిపోయి, తెల్లారేదాకా కరెంటు రాలేదు. ఆదివారం ఇడ్లీలు బిళ్లల్లా దిగాయి.

“అక్కా, వీటితోని క్యారమ్స్ ఆడొచ్చు” అంది హారిక. కరీంనగర్ పిల్ల. నాలుగేళ్లు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు సివిల్స్ కోసం సోషియాలజీ చదువుతోంది.

“దిష్టి తగిలిందే! మొన్న ఛాబ్రా గారి చెల్లెలు ‘కిత్నీ సఫేద్ ఇడ్లీ’, ఎంత తెల్లగా ఉన్నాయో అని నోరెళ్లబెట్టింది. ఆ కళ్లే!”

“ఎవరి కండ్లో ఏంది అక్కా, రాత్రి కరెంటే లేకపాయె...” అంటూ ఆగిపోయింది హారిక. చేతిలోని ముక్క చేతిలోనే ఉంది. “అక్కా, కరెంటు లేకుంటే పొంగలేదు. ఉంటే పొంగుతది. మరి గోడకు కరెంటుతోని ఏం పని?”

లేచి వెళ్లి బొట్టు పెట్టిన చోట అరచెయ్యి ఆనించింది. కరెంటు వచ్చి గంటైంది, అన్ని గదుల్లో హీటర్లు వేసే ఉన్నాయి. గోడ వెచ్చబడుతోంది.

మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి చూస్తే, వెంట్రుకలా ఉండాల్సిన తీగ చోట నాలుగు పేటల రాగి తీగ పురికొసలా పేని ఉంది.

“ఇదెవడో మహానుభావుడు కట్టిండు. ఫ్యూజు అన్నిటికంటే ముందు కాలిపోవాలె అక్కా, అదే దాని డ్యూటీ. ఇది కాలదు. గోడ లోపలున్న తీగ కాలుతది. దాని పక్కనే ప్లైవుడ్డు, ప్లైవుడ్డు అవతల మేము.”

“ఇంజినీరువే, ఇన్నాళ్లూ ఈ గోడకే ఆనుకుని తిన్నావుగా!” అంది ఛాయాదేవి.

“ఇడ్లీలు బాగుండె అక్కా!”

నవ్వుకున్నారు గానీ, అందరి చూపూ గోడ మీదే ఉంది.

పిలిస్తే ఛాబ్రా పైకి వచ్చాడు. పురికొసను చూసి గర్వపడ్డాడు కూడా. “దో సాల్ సే ఏక్ బార్ భీ ఫ్యూజ్ నహీ ఉడా!” రెండేళ్లుగా ఒక్కసారీ ఫ్యూజు పోలేదట, ఇంకేం కావాలట. తర్వాత గొంతు తగ్గించి, “గోడ చల్లబడితే మీ పిండి ఏమవుతుంది ఛాయాజీ? ఆలోచించుకోండి. ఇక్కడ నచ్చకపోతే వంటగదికి వేరే మనుషులు చాలామందే ఉన్నారు” అన్నాడు, నవ్వుతూనే.

కాగితం లేని అద్దె. పొమ్మంటే పోవాలి. వెచ్చటి గోడ పోతే ఆదివారాలు పోతాయి, వాటితో వచ్చిన పేరూ పోతుంది. నోరు మూసుకుంటే అన్నీ ఉంటాయి, కాలిపోయే రోజు వరకు.

“భయ్యాజీ, నా పిండి సంగతి నేను చూసుకుంటా. పిల్లలు ఆనుకుని పడుకునే గోడ అది” అంది ఛాయాదేవి. ఆయన వెళ్లగానే హారికకు ఆ పురికొసను చూపించింది. “తీసి పారెయ్. ఎంత సన్నది ఉండాలో అంతే కట్టు.”

ఆ సాయంత్రం క్లాసుల నుంచి వచ్చిన అమ్మాయిలు హీటర్లు వేయగానే ఫ్యూజు పోయింది. కట్టారు. మళ్లీ పోయింది. ధర్నా ఎలా చేయాలో ఆ సన్నటి తీగకు ఎవరూ నేర్పక్కర్లేదు. పోయిన ప్రతిసారీ ఛాయాదేవి, అమ్మాయిలందరూ మఫ్లర్లు చుట్టుకుని కిందికి దిగి ఛాబ్రా తలుపు కొట్టడమే.

రెండోసారి దిగేసరికి ఆయనే ఎదురొచ్చాడు. తల నిండా షాంపూ నురగ, ఒంటికి తువ్వాలు, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. “మేరా గీజర్ క్యూ బంద్ హో గయా?”

ముందుగా తేరుకున్నది ఛాయాదేవి.

“మా ఫ్యూజు పోతే మీ గీజరెందుకు ఆగింది భయ్యాజీ?”

ఛాబ్రా నురగ తుడుచుకున్నాడు. జవాబు గోడలోనే ఉంది. తన గీజరునూ, డ్రాయింగ్ రూము హీటరునూ పైవాళ్ల లైనుకు తగిలించుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన స్నానాల బిల్లు ఈ పిల్లలే కట్టారు, ఆయన బరువునూ ఆ ముసలి తీగే మోసింది.

“అచ్ఛా, పొద్దున్నే కరెంటు మిస్త్రీని పిలుద్దాం...”

“పొద్దున దాకా ఎందుకండీ? ఇప్పుడే ఫోన్ చేయండి. మేం నిలబడే ఉంటాం. మీకే చలి.”

ఆయన ఫోన్ చేశాడు.

ఎలక్ట్రీషియన్ చాందిని తన మనుషులతో వచ్చి గోడలు తవ్వింది. పాత తీగ పైతొడుగు పొట్టులా రాలింది. ప్రతి గదికీ వేరే లైను, సరైన ఫ్యూజు పడ్డాయి. ఛాబ్రా గీజరు ఛాబ్రా మీటరుకే వెళ్లింది. ప్లగ్గుల్లో మూడో కన్నానికి అసలు తీగే లేదని తేలితే, వెనక సందులో గొయ్యి తీసి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు కూడా వేశారు. తాకితే జివ్వుమంటుందని గ్రైండరు పక్కన పెట్టుకున్న రబ్బరు చెప్పులను ఛాయాదేవి వంటింటి బయటికి గెంటేసింది.

ఆదివారం వచ్చింది. గోడ మంచుగడ్డలా ఉంది. పిండి గిన్నెకు కప్పమని ముందురోజు రాత్రే హారిక తన రజాయి ఇచ్చింది, ఇంకో అమ్మాయి వేడినీళ్ల సంచి ఇచ్చింది. పిండి సగమే పొంగింది. ఇడ్లీలు దూదీ కాలేదు, బిళ్లలూ కాలేదు. అమ్మాయిలు కిక్కురుమనకుండా మారు వడ్డించుకున్నారు.

ఛాబ్రా ప్లేటు పట్టుకుని తనే పైకి వచ్చాడు. ఒకటి కొరికి మొహం చిట్లించాడు. “ఛాయాజీ, ఆజ్ థోడీ సఖ్త్ హై.”

“గట్టిగానే ఉంటాయి భయ్యాజీ. గోడ చల్లగా ఉంది కదా” అంటూ ఛాయాదేవి ఆయన ప్లేటులో ఇంకో రెండు వేసింది. “తినండి, తినండి. వచ్చే వారానికి మీ రజాయి కూడా పంపండి.”